బాలే నర్తకి పావడ



నాట్యము కంటికి విందు. అందులోను ఉడుపులను గూర్చిన ముచ్చట పూర్తిగా కంటికి చెందినది. దానిని చెవి ద్వారమున మీకు అందజేయబూనుట ఒక విధముగా సాహసమే. అయినను మీరు నాకు కొంచెము తోడ్పడిన యెడల ఈ పని అసాధ్యము కాదు. మీ ఇంటిలోని దోమతెరను ఒక్కసారి తలచుకొనుడు. అటువంటి వలగుడ్డనుండి మూరెడుకు లోపుగా పట్టీలు కత్తిరించి, సన్నని కుచ్చెళ్లు పెట్టి, ఒకదానిపై నొకటిగా పది పండ్రెండు వరుసలు తుంటి చుట్టును కుట్టవలెను. ఆ వరుసలు క్రిందికి వ్రేలాడరాదు. తామరాకు నీటిపై పరచుకొనినట్లు నేలకు సమాంతరముగా నిలువవలెను. ఆ ఆకు నడుమ లేచిన మొగ్గ వలె నర్తకి నడుము, భుజములు, మెడ పైకి కానవచ్చును. ఆకు క్రింద రెండు కాళ్లు మొదలంట కనబడును. పాశ్చాత్యుల శాస్త్రీయ నృత్యమైన బాలేలో ముఖ్య నర్తకి ధరించు ఉడుపు ఇదియే. దీనిని ‘టుటు’ అందురు.

చైకోవ్‌స్కీ రచించిన ‘హంసల కొలను’ సంగీతమును మీలో పలువురు వినియుందురు. ఆ వాయిద్యముల వెనుక, రికార్డులకు ఎక్కని మరియొక చప్పుడు కలదు. హంసకన్యలందరును ఒక్కసారి తిరిగినప్పుడు వారి వల పావడలు చేయు గుసగుస అది. రంగస్థలమునకు దగ్గరగా కూర్చున్నవారికి మాత్రమే వినబడును.

ఈ పావడ చేయవలసిన పని ఒక్కటే: నర్తకికి బరువు లేదని చూపరులను నమ్మించుట. ఆ నమ్మకమును గుడ్డతో కల్పించుటకు దాదాపు రెండు వందల యేండ్లు పట్టినది. కొందరి ప్రాణములును పోయినవి. ఆ కథయే ఈనాటి ప్రసంగ విషయము.

బాలే రాజసభలలో పెరిగిన విద్య. ఇటలీలో మొలకెత్తి, ఫ్రాన్సులో చెట్టయ్యెను. 1653లో పదునాలుగేండ్ల ప్రాయమున నున్న ఫ్రెంచి రాజు పదునాలుగవ లూయీ ‘రాత్రి బాలే’ అను ప్రదర్శనమున సూర్యుని వేషము ధరించి నర్తించెను. అతనికి ‘సూర్యరాజు’ అను పేరు నిలిచిపోవుటకు ఆ బంగారు వేషము గొప్ప సాయము చేసెను. ఆ కాలమునందు నర్తకుల దుస్తులనగా సభలో ధరించు దుస్తులే. వానికి మరికొన్ని ఈకలు, మరికొంత జరీ, ముఖమునకు ముసుగు తొడుగు. 1681 వరకు పారిస్ ఒపేరా రంగస్థలముపై స్త్రీపాత్రలను గూడ పురుషులే ధరించుచుండిరి. మన కూచిపూడి భాగవతుల సంప్రదాయము నెరిగినవారికి ఇది వింతగా తోచదు. ఆ యేడు ‘ప్రేమ విజయము’ అను బాలేలో లా ఫోంతేన్ అను యువతి మరి కొందరు స్త్రీలతో గూడి నర్తించెను. వృత్తి నర్తకులుగా స్త్రీలు అక్కడ అడుగిడుట అదియే మొదలు.

అయితే ఆమె ఏ మాత్రము కదలగలిగినదో ఆలోచింపుడు. నడుమును నొక్కిపట్టు బిగుతైన రవిక. దానిలో నిలువుగా తిమింగిలపు ఎముకలు. తరువాతి కాలమున తుంటికి ఇరువైపుల బుట్టవంటి చట్రము గూడ చేరెను. ఆ చట్రమును ఫ్రెంచివారు ‘పన్యే’ అందురు. ఆ మాటకు అర్థము కూడ బుట్టయే. దానిపై నేలవరకు బరువైన పట్టు. మగవారు మోకాలివరకే ఉన్న ఉడుపులు తొడిగి గాలిలోనికి ఎగురుచుండగా, ఆడువారు మడమలున్న జోళ్లతో గంభీరముగా జరిగిపోవలసినదే.

దీనిపై ఇద్దరు స్త్రీలు రెండు విధములుగా తిరుగబడిరి. ఇద్దరి పేరును మేరీయే. మేరీ కామార్గో పాదముల పనిలో మగవారిని మించినది. ఎగిరినప్పుడు గాలిలోనే పాదములను కత్తెర వలె వెంటవెంటనే మార్చు గంతు ఆమె ప్రత్యేకత. ఎవరికిని కనబడని ప్రావీణ్యము దేనికని, 1730 ప్రాంతమున ఆమె పావడ అంచును చీలమండల పైకి కొన్ని అంగుళములు ఎత్తించెను. ఆ కొద్ది అంగుళములకు పారిస్ అంతయు రెండుగా చీలి వాదులాడుకొనెను. మేరీ సాలే మరియొక త్రోవ త్రొక్కెను. 1734లో లండను నగరమున, ప్రాణము వచ్చిన శిలావిగ్రహము పాత్రలో, చట్రము లేక, ముసుగు లేక, తల విరబోసికొని, సన్నని మస్లిన్ వస్త్రముతో రంగమునకు వచ్చెను. చరిత్రకారులు కామార్గోను ఎక్కువగా కొనియాడుదురు. నా మట్టుకు సాలేదే పెద్ద సాహసమని తోచును. కామార్గో పాదములు కనబడవలెనని కోరినది. సాలే మనిషియే కనబడవలెనని కోరినది. సాలే అడిగినది లోకము అంగీకరించుటకు మరి యరువది యేండ్లు పట్టెను.

ఫ్రెంచి విప్లవము తరువాత చట్రములు, జరీలు పోయి, గ్రీకు విగ్రహముల మీది వస్త్రముల తీరు వాడుకలోనికి వచ్చెను. సన్నని నూలుబట్టకు గిరాకి పెరిగెను. ‘మస్లిన్’ అను పేరు మన మచిలీపట్నము నుండి వచ్చినదని చెప్పుకొనుట మనకు ఇష్టముగానే యుండును గాని, ఐరోపా నిఘంటువులు దానిని ఇరాకులోని మోసుల్ నగరముతో ముడిపెట్టును. ఆ బట్ట ఖ్యాతి మాత్రము ఢాకా సాలెవారిది.

ఇంతకంటె ముఖ్యమైన మార్పు ఇంగ్లండులో జరిగెను. జాలి వలె నుండు లేసుగుడ్డను అంతకుముందు చేతితో అల్లెడివారు. సంపన్నులకు తప్ప దొరకెడిది కాదు. 1809లో జాన్ హీత్‌కోట్ అను నతడు, ఆరు మూలల కన్నులతో వలను నేయు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. చేతిపనివారు తమ కూడు పోవుచున్నదని కోపించి 1816లో అతని కర్మాగారముపై బడి యంత్రములను పగులగొట్టిరి. అతడు ఊరు మార్చి మరల స్థాపించెను. వల చౌకయైనది. గజములకొలది వల కుచ్చెళ్లు పెట్టి ఒక్క నర్తకికి తొడుగుట అటుపిమ్మట సాధ్యమయ్యెను. మనము రంగస్థలముపై చూచు ఆ మంచుతునక వెనుక ఒక యంత్రమును, ఆ యంత్రముచే వీధిన పడిన కుటుంబములును ఉన్నవి.

ఇక 1832 మార్చి 12వ తేది. పారిస్ ఒపేరాలో ‘లా సిల్ఫీద్’ అను క్రొత్త బాలే. స్కాట్లండు పల్లెలో పెండ్లికి సిద్ధమైన ఒక యువకునికి గాలికన్య ఒకతె కనబడి అతని మనస్సును దోచుకొనును. ఆ గాలికన్య పాత్ర ధరించిన నర్తకి మేరీ తాల్యోని. ఆమెకు విద్య నేర్పినదియు, ఆ బాలేను కూర్చినదియు ఆమె తండ్రియే. ఆమె దుస్తులు యూజెన్ లామీ అను చిత్రకారుడు రూపొందించినట్లు వాడుక. మెడయు భుజములును విడిచిన బిగుతు రవిక, వీపున రెండు చిన్న రెక్కలు, పిక్కలవరకు గంట ఆకారమున వ్రేలాడు తెల్లని పలుచని పావడ. ఇంతే. ఆభరణములన్నియు కలిసి కొన్ని ముత్యములు. ఆమె కాలి వ్రేళ్ల కొనలపై నిలిచినప్పుడు ఆ పావడ అడుగున నేల ఉన్నదో లేదో తెలియకుండెను.

ఆ భ్రమ గుడ్డ ఒక్కదాని వలన కలిగినది కాదు. పారిస్ ఒపేరాలో 1822 నుండి గ్యాసు దీపములు వాడుకలోనికి వచ్చియుండెను. గ్యాసు వెలుగును కావలసినంత తగ్గించి వెన్నెల వలె చేయవచ్చును. ఆ మసక వెలుగు తెల్లని వల పొరలలో చిక్కుకొని, ఒక పొరనుండి మరియొక పొరకు ప్రాకి, నర్తకి చుట్టును పొగమంచు వలె నిలిచెడిది. 1841లో ‘జిజెల్’ బాలే వచ్చెను. పెండ్లికి ముందే చనిపోయిన కన్యల ప్రేతములు అర్ధరాత్రి అడవిలో నర్తించు రెండవ అంకమునకు కూడ ఇట్టి తెల్లని పావడలే. అప్పటినుండి ఇటువంటి ఘట్టములను ‘తెల్ల అంకములు’ అనుట పరిపాటి యైనది.

ఆ దీపమే శత్రువును అయ్యెను.

పలుచని పొర, నడుమ గాలి, మరల పలుచని పొర. పొయ్యి రాజవేయుటకు ఇంతకంటె అనువైన అమరిక మన వంటయిండ్లలో కూడ లేదు. పొరల నడుమ గాలి యున్నందుననే పావడ తేలిక. ఆ గాలియే మంటకు ఊపిరి. రంగస్థలము ముందంచున వరుసగా దీపములు, ప్రక్కతెరల నడుమ దీపములు, అన్నియు మండుచున్న జ్వాలలే. 1844 డిసెంబరులో లండను డ్రూరీ లేన్ నాటకశాలలో క్లారా వెబ్‌స్టర్ అను యువనర్తకి పావడ దీపమునకు తగిలి, ప్రేక్షకులు చూచుచుండగనే అంటుకొనెను. మూడు దినములకు ఆమె కన్ను మూసెను. 1861లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక నర్తకి దుస్తులు అంటుకొనగా, మంట తోడివారి పావడలకును ప్రాకి పలువురు మరణించిరి.

అన్నింటికంటె బాధాకరమైనది ఎమ్మా లివ్రీ కథ. ఆమె 1842లో జన్మించెను. పదునారేండ్ల ప్రాయమున పారిస్ ఒపేరాలో ‘లా సిల్ఫీద్’ తోనే తొలిసారి రంగమెక్కెను. అప్పటికి నాట్యము చాలించి ఇటలీలో విశ్రాంతిగా నున్న తాల్యోని, తన పాత్రను ధరించిన ఈ బాలిక కీర్తి విని చూడవచ్చెను. చూచిన తరువాత పారిస్‌లోనే నిలిచిపోయి ఆమెకు గురువయ్యెను. ఆమె కొరకు 1860లో ‘సీతాకోకచిలుక’ అను బాలేను తానే కూర్చెను. సంగీతము ఒఫెన్‌బాఖ్ రచించెను. ఆ కథలో సీతాకోకచిలుకగా మార్చబడిన కన్య దివిటీ మంటకు ఆకర్షింపబడి రెక్కలు కాల్చుకొనును.

ఈలోగా 1859లో ఫ్రెంచి ప్రభుత్వము, రంగస్థలపు తెరలకును దుస్తులకును నిప్పంటని మందు పట్టించవలెనని శాసించెను. కార్తెరోఁ అను నతని విధానము ప్రకారము గుడ్డను ఒక లవణ ద్రావణములో ముంచి ఆరవేయుదురు. అట్టి గుడ్డ మంటకు సులభముగా లోబడదు. కాని అది బిరుసెక్కును. తెలుపు చచ్చి మాసినట్లు కానవచ్చును. నర్తకులు దానిని అసహ్యించుకొనిరి. లివ్రీ 1860లో ఒపేరా సంచాలకునికి లేఖ వ్రాసి, క్రొత్త బాలే తొలి ప్రదర్శనములన్నింటిలోను తాను మామూలు పావడతోనే నర్తింతుననియు, ఏమి జరిగినను ఆ బాధ్యత తనదే ననియు స్పష్టపరచెను. ఆమె మాటయే చెల్లినది.

1862 నవంబరు 15న ఒక సంగీత నాటకమునకు అభ్యాసము జరుగుచుండెను. అందులో లివ్రీది మూగపిల్ల పాత్ర. తన వంతు రాకముందు ప్రక్కతెరల నడుమ కూర్చుండబోవుచు, పావడ నలగకుండుటకై దానిని పైకెత్తి విదిలించెను. దగ్గరనున్న గ్యాసు జ్వాల పావడకు అంటుకొనెను. మండుచున్న పావడతో ఆమె రంగస్థలమును అటునిటు మూడు మారులు పరుగెత్తెను. అగ్నిమాపక సిబ్బందిలోని ఒకరు దుప్పటి కప్పి ఆర్పిరి. రవికలోని ఎముకలు ఆమె ఒంటికి అతుకుకొని యుండెను. ఎనిమిది మాసములు ఆమె మృత్యువుతో పెనుగులాడి, 1863 జూలై 26న ఇరువదియవ యేట మరణించెను. ఆ మంచముమీద ఉన్నప్పుడు గూడ ఆమె, మందు పట్టించిన పావడలవలన ప్రమాదము తక్కువయే గాని, తాను మరల రంగమెక్కినచో అంత వికారమైన వానిని తొడుగనని పలికినట్లు చెప్పుదురు.

దీనిని మొండితనమని కొట్టివేయుట సులభము. నేనును మొదట అట్లే యనుకొంటిని. కాని ఆమె వృత్తి ఏమో తలచి చూడుడు. గాలికన్యను చూడవచ్చిన జనమునకు, తడిసి బిగిసిన గుడ్డ చుట్టుకొన్న ఆడుపిల్లను చూపించుట ఆమెకు తన విద్యను అబద్ధము చేయుటయే. నిప్పు ఎక్కడ నున్నదో ఆమెకు తెలియును, అందరికిని తెలియును. ఇరువది యేండ్లు నిండని పిల్ల లేఖ వ్రాసి బాధ్యత నెత్తిన పెట్టుకొన్నంత మాత్రమున, శాసనము చేతనున్న పెద్దలు ఆ లేఖను పెట్టెలో దాచుకొని ఊరకుండుట నాకు ఎంత ఆలోచించినను మింగుడుపడలేదు. కాలిపోగా మిగిలిన ఆమె దుస్తుల పీలికలు నేటికిని పారిస్ ఒపేరా గ్రంథాలయ ప్రదర్శనశాలలో భద్రపరుపబడి యున్నవి.

ఆమె నర్తించిన ఒపేరా భవనము కూడ 1873లో అగ్నికి ఆహుతి యయ్యెను. 1881లో లండనులోని సవాయ్ నాటకశాల పూర్తిగా విద్యుద్దీపములతో వెలిగెను. తరువాత కొలదికాలమునకే తక్కిన నాటకశాలలును ఆ దారి పట్టెను. వల పావడకు నిప్పు గండము తగ్గినది.

ఇక పావడ పొట్టి యైన వృత్తాంతము. సిగ్గు విడుచుటయే దానికి కారణమని ఆనాటి పెద్దలు కొందరు గొణిగిరి. అసలు కారణము కాళ్ల పనిలో వచ్చిన మార్పు. మిలాన్ నగరమున శిక్షణ పొందిన ఇటాలియన్ నర్తకులు గట్టి ముక్కులున్న జోళ్లతో వ్రేలికొనపై నిలిచి అనేక చుట్లు తిరుగుట నేర్చిరి. పిక్కలవరకు వ్రేలాడు పావడ అట్టి వేగమున కాలికి చుట్టుకొనును. మోకాలి పనిని కప్పివేయును. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గుకు వచ్చిన వర్జీనియా జుక్కీ, అక్కడి ప్రభుత్వ నాటకశాల పద్ధతికి విరుద్ధముగా పొట్టి పావడయే కావలెనని పట్టుబట్టి నెగ్గించుకొనెను. 1890 తరువాత వచ్చిన పియెరీనా లెన్యాని, ఒంటికాలి వ్రేళ్లపై నిలిచి, రెండవ కాలిని కొరడా వలె విసరుచు, నిలిచినచోటనే ముప్పదిరెండు చుట్లు తిరిగి రష్యనులను ఆశ్చర్యచకితులను చేసెను. 1895లో మారియస్ పెతిపా, లేవ్ ఇవానోవ్ మరల కూర్చిన ‘హంసల కొలను’లో ఆ ముప్పదిరెండు చుట్లును శాశ్వతముగా చేరిపోయినవి. పాదము, మోకాలు, తొడ మూడును ఒక్క గీతగా కనబడనిచో ఆ విద్యకు సొగసు లేదు. పావడ మోకాలు దాటి పైకి పోయెను. ఇరువదవ శతాబ్దమున తుంటివరకు వెళ్లి బల్లపరుపుగా నిలిచెను.

‘టుటు’ అను పేరు వచ్చినదియు ఈ పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలోనే. ‘ట్యూల్’ అను వలగుడ్డ పేరునుండి వచ్చినదని మర్యాదస్థులు చెప్పుదురు. ఫ్రెంచి పిల్లలు పిరుదులకు వాడు ముద్దుమాటనుండి వచ్చినదని తక్కినవారందురు. నాటకశాలలో మాటలు ఎట్లు పుట్టునో ఎరిగినవారు రెండవదానినే నమ్ముదురు. 1881లో పారిస్‌లో చిత్రకారుడు ఎద్గార్ దెగా, పదునాలుగేండ్ల నర్తకి మైనపు బొమ్మకు నిజమైన గుడ్డ పావడ తొడిగి ప్రదర్శనకు పెట్టెను. చూచినవారిలో ఎందరికో అది నచ్చలేదు. కవులు పాడిన గాలికన్య కాదు అది. గడ్డము పైకెత్తి, చేతులు వెనుకకు కట్టుకొని, పాఠమునకు నిలుచున్న పేదపిల్ల.

మన ప్రాంతమునకు ఈ పావడతో గల సంబంధము ఒకటి చెప్పక మానరాదు. 1877లో పెతిపా సెయింట్ పీటర్స్‌బర్గులో ప్రదర్శించిన ‘లా బయదేర్’ కథ భారతదేశమున జరుగును. నాయిక దేవనర్తకి. ఆమె ప్రియునికి పిల్లనిచ్చు ప్రభువు గోలకొండ రాజు! నాయిక పాముకాటున మరణించిన తరువాత, నల్లమందు మత్తులో నున్న ప్రియునికి ఛాయాలోకము కనబడును. తెల్లని పావడలు ధరించిన నర్తకులు ఒకరి వెనుక నొకరు ఏటవాలు దారిలో, ఒకే భంగిమను మరల మరల పట్టుచు దిగివత్తురు. బాలే సాహిత్యమున అంతకంటె అందమైన ఘట్టము అరుదు. గోలకొండ కోటలో ఎవరును ఎన్నడును కట్టని పావడలవి. పెతిపా మన దేశము చూడలేదు. చూచినను ఆ పావడలను మార్చియుండడు. దయ్యమైనను దేవతయైనను ఆ రంగస్థలముపై వల పావడ తొడుగవలసినదే.

ఈ ఏకరూపతను నిరసించినవారు లేకపోలేదు. మిఖాయిల్ ఫోకిన్ దేశమునకు, కాలమునకు, కథకు తగిన ఉడుపులు కావలెనని వాదించెను. 1910లో అతడు కూర్చిన ‘అగ్నివిహంగము’లో నాయికకు టుటు లేదు, తూర్పుదేశపు శరాయి కలదు. అయితే తాల్యోని కాలపు భావము కావలసివచ్చినప్పుడు అతడే పొడవు పావడకు మరలెను. అన్నా పావ్లోవా జగత్ప్రసిద్ధము గావించిన ‘మరణించు హంస’ కూడ అతని కూర్పే. తుంటిపై హంసరెక్కలు కప్పిన ఆ పావడతో ఆమె దేశదేశములు తిరిగెను. 1922లోను, మరల 1928లోను మన దేశమునకు వచ్చెను. ఆమె బృందములోని క్లియో నోర్డి వద్ద బాలే నేర్చిన రుక్మిణీదేవి అరండేల్‌ను, నీ దేశపు నాట్యమును వెదకికొనుమని ప్రోత్సహించినది పావ్లోవాయే. రుక్మిణీదేవి భరతనాట్యమునకు మరలి, మద్రాసు అడయారులో కళాక్షేత్రమును స్థాపించుటయు, నర్తకి ఉడుపులను శ్రద్ధతో తిరిగి రూపొందించుటయు మీరెరిగినవే. నేడు మన నర్తకులు ధరించు కుట్టిన దుస్తులలో, మోకాళ్లు వంచినప్పుడు విసనకర్ర వలె విచ్చుకొను కుచ్చెళ్లను గమనింపుడు. అవి నేలవైపు వంగు దేహము కొరకు పెట్టిన కుచ్చెళ్లు. టుటు కుచ్చెళ్లు నేలను మరపించుటకు పెట్టినవి.

ఇక కుట్టుపని. సూది పట్టిన చేతులు గల శ్రోతలు కొంచెము శ్రద్ధగా వినగోరెదను.

టుటుకు ఆధారము ఒక చిన్న చల్లడము. వల పట్టీలన్నియు దానికే కుట్టబడును. అడుగున తొడ దగ్గర కుట్టు పట్టీ రెండు మూడు అంగుళములే. పైకి పోవు కొలది వెడల్పు పెరిగి, అన్నింటి పైది పదునైదు అంగుళముల వరకు ఉండును. పొట్టివి పొడవువానిని క్రిందినుండి మోయును. పూర్వము నూలు వలకు గంజి పెట్టెడివారు. ఆట ముగియునప్పటికి చెమటకును వేడికిని అది వాలిపోయెడిది. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత నైలాను వల వచ్చి ఆ చిక్కు తీర్చినది. ఒక్క పావడకు పది గజములకు పైగా వల పట్టును. కుచ్చెళ్లు పెట్టిన పిదప నడిమి పొరలలో ఒకదానికి సన్నని గొట్టము కుట్టి, అందులో ఉక్కుతీగను చుట్టు త్రిప్పుదురు. తరువాత పొరలన్నింటిని కలుపుచు చేతితో వదులు కుట్లు వేయుదురు. ఈ కుట్లలోనే పనితనమంతయు ఉన్నది. బిగించిన యెడల పావడ పెనము వలె చచ్చియుండును. మరీ వదలిన యెడల పొరలు విడిపోయి చెదరును. సరిగా కుట్టినచో నర్తకి నిలిచిన తరువాత పావడ ఒక్క క్షణము వణకి, ఆమెతో పాటు ఊపిరి తీసికొని ఆగును. ఒక్కరే కుట్టుటకు పూనిన, ఇట్టిది ఒకటి ముగియుటకు వారము దాటును.

రవిక వేరు విద్య. ఊపిరితిత్తులు నిండుటకు చోటు కావలెను. ఒక్క ముడుత కనబడరాదు. జోడీ నర్తకుడు నడుము పట్టి పైకెత్తినప్పుడు గుడ్డ జారరాదు. రష్యానుండి వచ్చి న్యూయార్కులో స్థిరపడిన బార్బారా కరీన్‌స్కా ఈ చిక్కును చక్కగా విడదీసెను. ఆమె రవిక ముందు భాగమును పోగువెంబడి నిలువుగాను, ప్రక్క ముక్కలను ఏటవాలుగాను కత్తిరించెను. మన దర్జీలు ‘క్రాసు’ అనునది అదియే. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ సాగును. ప్రక్కటెముకలు విచ్చుకొనుటకు వీలిచ్చును. ఆమె మరియొక మార్పు గూడ చేసెను. జార్జి బాలన్‌చీన్ కూర్చిన బాలేలలో రంగస్థలము నిండ నర్తకులు వేగముగా కలిసి విడిపోవుదురు. ఉక్కుతీగ చక్రములు ఒకదాని కొకటి తగిలి, ఒకవైపు నొక్కుకొని, రెండవవైపు పైకి లేచెడివి. 1950లో కరీన్‌స్కా తీగను తీసివేసి, పొరలు తగ్గించి, పౌడరు అద్దు దూది వలె మెత్తగా విచ్చుకొను పొట్టి పావడను కుట్టెను. తగిలినను చెదరదు. ఆ సంస్థవారు నేటికిని ఆ పద్ధతినే అనుసరింతురు.

టుటును తొడిగినవారికి కలుగు ఇబ్బందులు చూచువారికి తెలియవు. ఆమెకు తన పాదములు కనబడవు. కుర్చీలో మామూలుగా కూర్చుండలేదు. జోడీ నర్తకుడు ఆమెను పట్టవలెనన్న ఆ చక్రమునకు ఆవల నుండియే చేతులు చాపవలెను. రవికను నీటిలో ముంచి ఉతుకుటకు వీలులేదు గనుక, చెమట వాసన పోవుటకై అలంకరణశాలవారు నీరు కలిపిన వోడ్కా చిలకరింతురు. పావడను నిలువుగా వ్రేలాడదీసిన వాలిపోవును. అందుచేత తలక్రిందులుగా, చల్లడపు భాగము పైకి వచ్చునట్లు తగిలింతురు. పెద్ద నాటకశాలల దుస్తుల కొట్టులోనికి వెళ్లిన తలక్రిందులైన తెల్ల పువ్వులు వరుసలుగా వ్రేలాడుచు కానవచ్చును.

ఒక్కొక్క పావడ ఒక్కరితో అరిగిపోదు. నర్తకి మారినప్పుడు సరిపెట్టుటకై రవిక వెనుక కొక్కెములు రెండు మూడు వరుసలుగా కుట్టియుందురు. ఆ కొక్కెముల ప్రక్కన, లోపలివైపున, చిన్న నాడా ముక్కపై ధరించినవారి పేరు సిరాతో వ్రాయుదురు. పాత రవికలలో ఒక పేరు క్రింద మరియొక పేరు, దాని క్రింద ఇంకొకటి, కొన్ని చెమటకు అలికిపోయి యుండును.